రెండు చెంచాల పక్కరాయి

ల్యాబులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. పెద్దసారు దగ్గర్నుంచి గేటు దగ్గర కూర్చునే వాచ్‌మన్ దాకా అందరికీ ఆమె పిండిమర పిన్నే. పొద్దున తొమ్మిదికి ఏప్రాను కట్టుకుని, ముక్కుకు గుడ్డ బిగించుకుని మర దగ్గర నిలబడిందంటే సాయంత్రం ఐదుకు నెత్తి నుంచి కాళ్ళ దాకా బూడిద రంగులో బయటికి వచ్చేది. అలా ముప్పై ఒక్క ఏళ్ళు. ఇంట్లో చెంచాడు మిరియాలు నూరడానికి బద్ధకించే మనిషి, ఊళ్ళో ఉన్న కొండలన్నీ పిండి కొట్టిపెట్టింది. ఈ మాట ఆమే చెప్పుకుని ఆమే నవ్వేది.

కొండల్ని పిండి కొట్టడమేమిటో ముందు చెప్పకపోతే మీకు తల తిరుగుతుంది. ఆ ఊరు కొండల మీద కట్టిన ఊరు. ఎక్కడ కొత్త వీధి వెయ్యాలన్నా, సొరంగం తవ్వాలన్నా ముందు బోరు దించి, లోపలి రాతిని కడ్డీల్లా పైకి తీసి, పొడవాటి చెక్కపెట్టెల్లో సర్ది ల్యాబుకు పంపేవారు. అందులో ముప్పాతిక వంతు బురదరాయి. కోట్ల ఏళ్ళ కిందట నీటి అడుగున పేరుకున్న మెత్తటి బురద, మీద బరువు పడి పడి రాయైనది. ఇసుకరాయి అయితే రేణువు కంటికి కనిపిస్తుంది, ఏ కొండ నుంచి కొట్టుకొచ్చిందో చూసి చెప్పొచ్చు. బురదరాయి అలా కాదు. భూతద్దం పెట్టినా మొండికేసిన మనిషిలా ఒక్క ముక్క చెప్పదు. దాన్ని మైదాలా నూరి, యంత్రంలో పెట్టి, ఏ మూలకం ఎంత ఉందో లెక్క తీస్తే అప్పుడు నోరు విప్పుతుంది. టైటానియం, థోరియం, జిర్కోనియం లాంటివి నీళ్ళలో కరిగిపోయే రకం కాదు. తల్లిరాయి నుంచి బురదతో పాటే వచ్చి, బురదలోనే ఉండిపోతాయి. వాటి పాళ్ళు చూసి, ఈ బురద ఎలాంటి రాతికి పుట్టింది, ఆ రాయి ఎంత ఎండకూ వానకూ నలిగింది అని చదువుకున్నవాళ్ళు చెప్పేస్తారు. పిన్నికి ఇవన్నీ బడిలో నేర్పినవాళ్ళు లేరు. మర ఆగినప్పుడల్లా పక్క గదిలో మాటలు చెవిన పడి పడి అబ్బిన చదువు అది.

ఆమె పనికి వంక పెట్టినవాళ్ళూ లేరు. ఒక రాయి నూరాక గిన్నెలో తెల్ల ఇసుక వేసి తిప్పి, పారబోసి, తుడిచి, అప్పుడు గాని రెండో రాయి ముట్టుకునేది కాదు. వేలికి ఉంగరం పెట్టుకునేది కాదు, దాని అరుగుదల పొడిలో కలుస్తుందని. అంత పట్టింపు మనిషి. అలాంటి మనిషే ఒక పాడు పని చేస్తూ వచ్చింది. పాడు పని అని ఆమెకు తెలియదు, అదీ అసలు గొడవ.

మర గిన్నెలో బరువైన ఇనుప గుండు, దాని చుట్టూ ఇనుప వలయం తిరుగుతుంటాయి. గిన్నెలో సగానికైనా రాయి లేకపోతే ఇనుము ఇనుముకు కొట్టుకుని పగులుతుంది. ఉద్యోగంలో చేరిన ఏడాదే ఆమె చేతిలో ఒక గిన్నె పగిలింది. అప్పటి పెద్దసారు ఆమెను నలుగురి ముందూ నిలబెట్టి నానా మాటలూ అన్నాడు. ఆమెకు అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. ఇంటి దగ్గర తల్లి లేని చెల్లెలు. ఈ పని పోతే ఇద్దరికీ దిక్కు లేదు. ఆ రోజు నుంచి సన్నటి పొర ఏదైనా వచ్చి, ఆ రాయి గిన్నెకు చాలకపోతే, పెట్టెలో దాని పక్కనే ఉన్న పొర నుంచి రెండు చెంచాలు తీసి కలిపేది. పాలకు తోడు వేసినట్టే అనుకుంది. అదే బోరు, అదే పెట్టె, బురద పక్కన బురద. దానికీ దీనికీ ఏం తేడా ఉంటుంది? ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. దాచాలని కాదు. చెప్పుకునేంత సంగతి అనుకోలేదు.

చెల్లెలు ఆమెకంటే పదకొండేళ్ళు చిన్నది. జడ వేసిందీ, బడికి పంపిందీ, పెళ్ళి చేసిందీ అక్కే. మీ అక్క గీసిన గీత దాటవు కదా అని మరిది పెళ్ళాన్ని వేళాకోళం చేసేవాడు గానీ, ఆ గీత ఆయనా దాటేవాడు కాదు. ఏడేళ్ళ కిందట ఊరికి తూర్పున, ఏటవాలు మీద కొత్త వీధి వేశారు. మూడు వరసలు, పద్ధెనిమిది ఇళ్ళు. అక్కడ ఇల్లు తీసుకోమంటావా అక్కా అని చెల్లెలు అడిగింది. ఆ కొండ బోరు పెట్టెలు పిన్ని చేతి మీదుగానే వెళ్ళాయి. రిపోర్టులో ఏం రాశారో కూడా ఆమెకు కంఠతా వచ్చు. పై నుంచి కింది దాకా ఒకే తీరు బురద, ఒకే నది తెచ్చినది, మధ్యలో వేరే రకం పొర లేదు, ఇళ్ళకు పనికొస్తుంది.

"ఆ కొండను నా చేత్తో నూరాను. కళ్ళు మూసుకుని వెళ్ళండి," అంది.

చెల్లెలు, మరిది, మంచం దిగలేని మరిది తల్లి, ముగ్గురూ మధ్య వరసలో మూడో ఇంట్లో చేరారు.

ఈ ఏడు వాన పట్టిందంటే వదల్లేదు. రెండో వారంలో చెల్లెలు ఫోన్ చేసి నవ్వుతూ చెప్పింది. స్నానాల గది తలుపు మళ్ళీ పడటం లేదట. వడ్రంగి ఈ నెలలో మూడుసార్లు వచ్చి చెక్కి వెళ్ళాడట. ఇంకోసారి వస్తే తలుపు పోయి పీటచెక్క మిగులుతుందట. చెమ్మకు చెక్క ఉబ్బుతుందిలే అని పిన్ని కూడా నవ్వింది. నాలుగు రోజులకు మళ్ళీ ఫోను. వాకిట్లో మెట్టుకూ గోడకూ మధ్య వేలు పట్టే సందు వచ్చిందని, ఊళ్ళో చీమలన్నీ అందులోంచే ఇంట్లోకి వస్తున్నాయని చెల్లెలు విసుక్కుంది. ఈసారి పిన్నికి నవ్వు రాలేదు. చెమ్మకు చెక్క ఉబ్బుతుంది గానీ, రాతి మెట్టు గోడను వదిలిపెట్టి వెళ్ళిపోదు.

మర్నాడే కళ్ళజోడు అమ్మాయి వచ్చి మర పక్కన నిలబడింది. లెక్కలు తీసే గదిలో కొత్తగా చేరిన పిల్ల. పాత కాగితాలన్నీ కంప్యూటరులోకి ఎక్కించే పని ఆమె నెత్తిన పడేశారు. అందరూ విసుక్కుంటూ చేసే ఆ పనిని ఈ పిల్ల చదువుకుంటూ చేస్తోంది, అదీ వచ్చిన చిక్కు. చేతిలో రెండు కాగితాలున్నాయి. పైన రాసి ఉన్న చోటు చూడగానే పిన్ని మర ఆపేసింది. తూర్పు ఏటవాలు.

బోరు దగ్గర పెట్టె సర్దినతను ఆనాడే రాసి పెట్టాడు. ఇరవై రెండో అడుగున తెల్లటి పొర, రెండు వేళ్ళ మందం, తడి చేసి తాకితే సబ్బులా జారుతోంది. యంత్రం చెప్పిన లెక్క మాత్రం ఆ తెల్లటి పొరకూ, దాని మీదున్న నల్లటి బురదకూ కాస్త అటూ ఇటూగా ఒకటే. పిల్ల అదే అడిగింది. తాకిన చెయ్యి వేరే రాయి అంటోంది, లెక్క కవల పిల్ల అంటోంది, దేన్ని నమ్మమంటారు పిన్నీ అని. నూరేటప్పుడు ఇందులో ఏమైనా కలిసిందా అని.

"ఏమీ కలవలేదమ్మా. ఇసుకతో కడిగే నూరతాను," అంది పిన్ని.

అబద్ధం అంత నున్నగా నోట్లోంచి వచ్చినందుకు ఆమే అదిరిపడింది. పిల్ల సరేనని వెళ్ళిపోయింది. ముప్పై ఒక్క ఏళ్ళలో పిన్ని మాటను అనుమానించినవాళ్ళు లేరు, ఈ పిల్ల మాత్రం ఎందుకు అనుమానిస్తుంది?

మధ్యాహ్నం భోజనాల వేళ పిన్ని టిఫిన్ డబ్బా తీసుకుని పెట్టెల కొట్టులోకి వెళ్ళింది. తూర్పు ఏటవాలు పెట్టె అడుగు వరసలో ఉంది. బోరు కడ్డీని నిలువునా కోసి సగం నూరితే సగం ఉంచుతారు కాబట్టి ఆ తెల్లటి పొర సగం ముక్క ఇంకా అలాగే ఉంది. అరచేతిలో పట్టేంత. గోరంత చిదిమి, గ్లాసులో నీళ్ళు పోసి అందులో వేసింది. ఎదురుగా కూర్చుంది, డబ్బా మూత తియ్యలేదు. చూస్తుండగానే ఆ గోరంత ముక్క అంచులు విచ్చుకుని, ఉబ్బి, వేలంత అయింది. వేలు పెట్టి చూస్తే ఎక్కడా పట్టు చిక్కలేదు. ఆనాడు ఈ పొర చెంచాడే ఉందని, పైనున్న నల్లటిది రెండు చెంచాలు వేసిన సంగతి ఆమెకు చేతులతో సహా గుర్తొచ్చింది.

ముక్క పట్టుకుని తిన్నగా పిల్ల దగ్గరికి వెళ్ళి, పొద్దున అబద్ధం చెప్పానని చెప్పింది. గిన్నె సంగతి, చెంచాల సంగతి, చెల్లెలి మెట్టు సంగతి, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేసింది. పిల్ల రాతి కల్వం తెచ్చి ఆమె ముందు పెట్టింది. మర లేకుండా, ఏదీ కలపకుండా, పిన్ని ఆ ముక్కను చేత్తో నూరింది. మూడు గంటలు పట్టింది. మర్నాడు పొద్దున పదింటికి లెక్క వచ్చింది.

"ఇది నది తెచ్చిన బురద కాదు పిన్నీ. పైనుంచి పడ్డది," అంది పిల్ల. "ఎక్కడో అగ్నిపర్వతం పేలి, బూడిద గాలికి వచ్చి నీళ్ళలో పడింది. టైటానియం పక్క పొరలో ఉన్నదాంట్లో నాలుగో వంతు కూడా లేదు. థోరియం మూడింతలుంది. అలాంటి బూడిద ఇలాంటి మట్టే అవుతుంది."

"నీళ్ళు తాగితే?"

"మీరు గ్లాసులో చూశారుగా. దాని మీదున్న కొండంతా, ఆ పద్ధెనిమిది ఇళ్ళతో సహా, ఈ రెండు వేళ్ళ పొర మీద కూర్చుని ఉంది."

ఇద్దరూ పెద్దసారు దగ్గరికి పరుగెత్తారు. ఆయన మంచివాడే, కాకపోతే కాగితం లేనిదే కదలడు. మళ్ళీ బోరు వెయ్యాలన్నాడు, కమిటీ కూర్చోవాలన్నాడు, పది రోజులన్నాడు, ఈలోగా జనాన్ని బెదరగొట్టొద్దన్నాడు. కిటికీ అవతల వాన పడుతూనే ఉంది. పది రోజులు ఆగమని ఆయన ఎవరికి చెప్తున్నాడో, తమకా వానకా, పిన్నికి అర్థం కాలేదు. ఏప్రాను విప్పకుండానే బస్సెక్కింది.

చెల్లెలు అత్తగారికి దుప్పటి మారుస్తోంది. అక్కను ఆ వేషంలో చూసి ముందు నవ్వింది. పిన్ని నిలబడే చెప్పింది. సగం దాకా చెల్లెలికి ఏమీ అర్థం కాలేదు, కొండ ఎలా జారుతుందని, బూడిదేమిటని అడుగుతూ ఉంది. తరవాత అడగడం మానేసింది.

"ఎంత కలిపావు?" అంది చివరికి.

"రెండు చెంచాలు."

చెల్లెలు మంచం పట్టె మీద కూర్చుండిపోయింది. "వద్దని చెప్పమని నేనడగలేదు కదక్కా. నీకు తెలియకపోతే తెలియదని ఒక్క మాట అనాల్సింది. పుట్టి బుద్ధెరిగాక నీ నోట ఆ మాట నేను వినలేదు."

పిన్నికి ఏడుపు తన్నుకొచ్చింది. ఏడవడానికి కూడా తనకు హక్కు లేదనిపించి ఆపుకుంది. మరిది మాత్రం ఒక్క ప్రశ్న వెయ్యకుండా తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, చీరతో కట్టి, పక్కింటాయన సాయంతో ఎత్తుకుని బయటికి నడిచాడు. అది చూసి వీధంతా పోగైంది. పిన్ని వాళ్ళకూ చెప్పింది. అప్పుడు చూడాలి వాళ్ళ మొహాలు. ఒకాయన పెదవి విరిచాడు, ఒకావిడ ఈమెకు ఒంట్లో బాగాలేదేమోనని చెల్లెలి చెవిలో అడిగింది. పై వరస చివరింట్లో ఉండే రిటైరైన కండక్టరు ఇంట్లోకి వెళ్ళి ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్న రిపోర్టు నకలు తెచ్చి, పై నుంచి కింది దాకా ఒకే తీరు అని పైకి చదివి వినిపించాడు. పెద్దమనిషి, కసురుకోలేదు. తల తుడుచుకోమని పిన్నికి తువ్వాలు కూడా ఇచ్చాడు.

"ఇది చదువుకున్నవాళ్ళ మాటమ్మా. మీరు నూరేవారు. వాళ్ళకంటే మీకు ఎక్కువ తెలుస్తుందా?" అన్నాడు.

వాళ్ళకు తెలిసిందంతా తను నూరిన పొడేనని ఎలా చెప్పాలో పిన్నికి తోచలేదు. అప్పటిదాకా గోడకానుకుని నిలబడ్డ చెల్లెలు వానలోకి వచ్చి అక్క రెక్క పట్టుకుంది. మెత్తగా పట్టుకోలేదు.

"ఈమె మా అక్క. మీ అందరికీ తప్పు చేసింది. చెయ్యని తప్పు చేశానని వీధిలో నిలబడి ఎవరైనా చెప్పుకుంటారా? నేను వెళ్ళిపోతున్నాను. మీరూ లేవండి," అంది.

ఆ మాటతో కదిలారు. మర్నాడు మధ్యాహ్నానికి పదిహేడు ఇళ్ళు ఖాళీ అయి, అందరూ కింద బడిలో సర్దుకున్నారు. కండక్టరు, ఆయన భార్య కదల్లేదు. చెల్లెలు రెండుసార్లు పైకి వెళ్ళి బతిమాలి వచ్చింది. మూడో రోజు పొద్దున పదకొండు గంటలకు ఏటవాలు జారింది. పెద్ద చప్పుడు కూడా కాలేదంటారు. పై వరస మెల్లగా వచ్చి మధ్య వరస మీద కూర్చుంది, ఆ రెండూ కలిసి కింది వరస మీదికి వెళ్ళాయి. కండక్టరునూ భార్యనూ తవ్వి తీయడానికి రెండు రోజులు పట్టింది. పిన్ని ఆ రెండు రోజులూ అక్కడే నిలబడింది. ఆయనిచ్చిన తువ్వాలు ఆమె దగ్గరే ఉండిపోయింది. ఎవరికి తిరిగివ్వాలి? చెల్లెలు అటువైపు నుంచి రెండుసార్లు నడిచి వెళ్ళింది, పలకరించలేదు.

ఉద్యోగం పోతుందని పిన్ని అనుకుంది. పొమ్మంటే బాగుండుననీ అనుకుంది. పొమ్మనలేదు, ఎందుకంటే ఆమెతో ఇంకా పని ఉంది. కళ్ళజోడు అమ్మాయి ఆమెను సీసాల గదిలోకి తీసుకెళ్ళింది. నూరిన ప్రతి పొడీ చిన్న సీసాలో పోసి, చీటీ అంటించి అక్కడ పెడతారు. గోడ నుంచి గోడకు అరలే. చీటీలన్నీ పిన్ని చేతిరాతే. ఇన్ని సీసాల్లో వేటిలో పక్కరాయి కలిపారో చూపించండి అంది పిల్ల.

పిన్ని ఒక సీసా తీసి చూసింది. ఇంకోటి తీసింది. అన్నీ ఒకటే బూడిద రంగు. సన్నటి పొర అయితే కలిపే ఉంటానంది. ఏది సన్నటిదో పాత చీటీల మీద రాయలేదు. పోనీ మిగిలిన సగం రాళ్ళు చూద్దామంటే, ఇన్నేళ్ళలో నూరిన నలభై మూడు చోట్లకు గాను ఇరవై నాలుగు చోట్ల పెట్టెల్ని, కొట్టులో చోటు చాలక, లారీకెత్తి పారబోశారు. ఆ ఇరవై నాలుగింటికీ ఈ పొడే ఆధారం. పిల్ల వాటి పేర్లు ఒక కాగితం మీద వరసగా రాసింది. ఒక ఆసుపత్రి కొండ, రెండు సొరంగాలు, ఒక చెరువు కట్ట, మిగతావన్నీ వీధులు. రాస్తూ రాస్తూ ఆమె చెయ్యి నెమ్మదించింది. ఎక్కడ ముందు బోరు వెయ్యాలో చెప్పండి పిన్నీ అంది.

అప్పుడు ఫోను మోగింది. చెల్లెలు. తొమ్మిది రోజుల తరవాత మొదటిసారి.

క్షేమసమాచారాలు ఏమీ అడగలేదు. బడిలో అత్తగారికి మరీ కష్టంగా ఉందని, పొద్దున్నే ఇల్లు మారామని చెప్పింది. నీళ్ళ ట్యాంకు పైనున్న పడమటి మెట్ట వీధిలో రెండు గదులు. కిటికీ పక్కన మంచం వేశారట, ముసలావిడ బయటికి చూస్తూ పడుకుందట.

"చేరే ముందు నిన్ను అడగాలనిపించలేదు," అంది చెల్లెలు. "ఇప్పుడు అడుగుతున్నాను. ఈ మెట్ట నీ చేతి మీదుగా వెళ్ళిందా?"

కాగితం బల్ల మీదే ఉంది. పదహారో వరసలో పడమటి మెట్ట పేరు మీద పిన్ని వేలు పెట్టింది. పిల్ల అది చదివి, కళ్ళజోడు తీసి పిన్ని వైపు చూసింది.

"మూటలు విప్పేశారా?" అంది పిన్ని.

"సగం."

"విప్పినవి మళ్ళీ కట్టండి. నేను వస్తున్నాను," అని ఫోను పెట్టేసి, గొడుగు కోసం వెతుక్కుంది.